ఎడమవైపు మడత

మా ఆయన పోయాక కూడా ఆయనలో కొంత బతికే ఉంది. ఎక్కడో కాదు, నేను పనిచేసే ఆసుపత్రిలోనే. నేలకింద ఉండే మా బట్టల గదికి చాలా పైన, మా ఆడపడుచు పనిచేసే ల్యాబులో. మనిషి ఒంట్లో ఎంత వేడి ఉంటుందో అంతే వేడి ఉండే ఒక అలమరలో, అరచెయ్యంత ప్లాస్టిక్ సీసాలో, లేత గులాబి రంగు నీళ్ళలో ఆయన రక్తకణాలు పెరుగుతూ ఉండేవి. జబ్బు చేసిన కణాలు. ఆయన్ని తీసుకుపోయినవి అవే. అయినా ఆయనవే.

సీసా మీద 'నిదానం' అని రాసి ఉండేది. అది ఆయన అసలు పేరు కాదు. కింద పనిచేసే మేమంతా ఆయన్ని పిలుచుకున్న పేరు. నడక నిదానం, మాట నిదానం. ఆయన అన్నం ముగించేలోగా పక్కవాళ్ళు చేతులు కడుక్కుని ఓ కునుకు తీసి లేచేవాళ్ళు. సొంతవాళ్ళ రక్తం మీద పని చెయ్యకూడదని ల్యాబులో నియమం ఉందట. అందుకని ఆడపడుచు అసలు పేరు రాయకుండా ఈ పేరు రాసింది. ల్యాబువాళ్ళకి కిందవాళ్ళ ముద్దుపేర్లు తెలియవు కదా. సెలవు రోజున వెళ్ళి ఆ సీసా చూసొచ్చేదాన్ని. ఆ అలమర తలుపు మీద అరచెయ్యి పెడితే ఆయన వీపు మీద చెయ్యి వేసినట్టే ఉండేది.

మా పని ఏమిటో చెబితేగాని తర్వాత జరిగింది అర్థం కాదు. ఆపరేషన్ చేసే మనిషి మీద కప్పే పెద్ద పచ్చ దుప్పటికి నడిమధ్య రంధ్రం ఉంటుంది. కొయ్యవలసిన చోటు ఒక్కటే అందులోంచి కనబడాలి. ఉతికి వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో కొస పట్టుకుని, కుచ్చిళ్ళు పెట్టినట్టు మడతలు వేసుకుంటూ నడిమికి రావాలి. ఆఖర్న ఒక మూలని చెవిలా పైకి తిప్పి వదలాలి. దాన్ని గుడ్డలో చుట్టి, బండిల్ కట్టి, క్రిములు చావడానికి ఆవిరి పెట్టెలో పెడతారు. థియేటర్లో నర్సు ఆ చెవి ఒక్కటే పట్టుకుని లాగితే మడతలు వరుసగా విచ్చుకుంటాయి. లోపలి వైపుని ఎవరి చెయ్యీ తాకదు. ఏది పైకి రావాలో, ఏది లోపలే దాగి ఉండాలో అంతా మడతలోనే ఉంటుంది.

ఆ పని మేమిద్దరం పెళ్ళయిన కొత్తలోంచి కలిసే చేశాం. ఆయనది ఎడమ చేతివాటం. అందరి చెవీ కుడివైపు వస్తే ఆయనది ఎడమవైపు వచ్చేది. నర్సులు తిట్టి తిట్టి విసిగి, చివరికి ఆయన బండిల్ చూడగానే ఎడమ చెయ్యి చాపడం నేర్చుకున్నారు.

ఆయన పోయాక నాకు రెండో మనిషిని ఇవ్వలేదు. గోడకి ఇనప కమ్మీ కొట్టించి రెండు క్లిప్పులు తగిలించారు.

"ఇదిగో, నీ ఎదురు మనిషి. మాట్లాడడు, అలగడు, సెలవు పెట్టడు," అన్నాడు కమ్మీ బిగించిన వడ్రంగి.

"పాతాయన మాత్రం ఏం మాట్లాడేవాడులే," అన్నాను.

క్లిప్పులకి రెండు మూలలు పట్టించి నా కొస లాగితే, అవతలి నుంచి కూడా ఎవరో లాగినట్టుండేది. బట్టకి సాగి వెనక్కి వెళ్ళే గుణం ఉంది. అది నాకు తెలుసు. తెలిసినా ప్రతిసారీ తలెత్తి చూసేదాన్ని. కమ్మీ, గోడ, గోడ మీద చెమ్మ. అంతే.

ఒక మధ్యాహ్నం థియేటర్ సిస్టరు బండిల్ చేత్తో పట్టుకుని తనే కిందికి దిగి వచ్చింది. ఆవిడ కిందికి రావడమంటే మాకు మూడినట్టే.

"ఏమ్మా, చెవి ఎటు తిప్పుతున్నావు నువ్వు?"

"కుడివైపే సిస్టర్."

"నీ కుడి చెయ్యి ఏదో చూపించు."

చూపించాను.

"సంతోషం. మరి ఇదేంటి?"

చెవి ఎడమవైపు ఉంది. కొస కొంచెం వంచి, బొటనవేలితో నొక్కి వదిలినట్టుంది. ఆయన అలాగే నొక్కేవాడు.

"పాత దుప్పటి అయ్యుంటుంది సిస్టర్. ఆయన మడతలు పడిపోయి ఉంటాయి. ఎంత ఉడకేసినా ఆ గీతలు పోవు. మనం ఎలా మడిచినా బట్ట దాని దారిన అది పోతుంది."

"పాతదా, నా తలకాయా! మొన్ననే స్టోరు నుంచి వచ్చింది. చూడు, అంచు మీద ముద్ర కూడా చెరగలేదు." ఉన్నట్టుండి ఆవిడ గొంతు తగ్గింది. "నిదానం ముట్టుకోని దుప్పటి ఇది."

ఆవిడ బండిల్‌ని రెండు వేళ్ళతో బల్ల మీద పెట్టి, ఆ వేళ్ళు గౌనుకి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి మా బండిళ్ళు తీసుకెళ్ళే ఆయా గుమ్మం దాటి లోపలికి రావడం మానేసింది. బయట నుంచే కేకేసేది.

అలాంటి రోజుల్లోనే ఆడపడుచు వచ్చింది. ఆమె ఆయనకంటే చాలా చిన్నది. ఎత్తుకుని పెంచిన చెల్లెలు. ల్యాబు కోటు విప్పకుండానే వచ్చి, ఇస్త్రీ బల్ల మీద ఎక్కి కూర్చుంది.

"దిగు. కాలుతుంది."

"కాలనీ. వదినా, ఒక మాట. నువ్వు అవునంటే అవును, కాదంటే కాదు. కానీ ముందు మొత్తం విను."

"నువ్వు ఇలా మొదలుపెడితే నాకు కాళ్ళు చల్లబడతాయి. చెప్పు."

"మంచుపెట్టె పాడైపోయింది. అందులో దాచిన అన్నయ్య కణాలన్నీ పోయాయి. అలమరలో ఉన్న సీసా ఒక్కటే మిగిలింది. అది కూడా ముందులా పెరగడం లేదు. ఉన్నంతలో ఉంటోంది."

"ఉందిగా."

"ఉంది. నాలుగో వార్డులో ఒకావిడ చేరింది. బస్సు నడుపుతుంది. అచ్చం అన్నయ్య జబ్బే, అదే రకం బ్లడ్ కాన్సర్. కొత్త మందు ఒకటి వచ్చింది. కానీ ఈ రకం జబ్బు మీద ఇంకా ఎవరూ వేసి చూడలేదు. ఆవిడ కణాలు సీసాలో పోస్తే ఒక పూట కూడా నిలవడం లేదు. మా పెద్దసారు 'నిదానం మీద వెయ్యండి, పనిచేస్తే ఆవిడకి మొదలుపెడదాం' అన్నారు. పరీక్షకి సీసాలో ఉన్నదంతా కావాలి."

"వేస్తే ఏమవుతుంది?"

"మందు పనిచేస్తే చచ్చిపోతాయి."

ఇస్త్రీ పెట్టె తీసి పక్కన పెట్టాను. "సారుకి ఏం చెప్పావు?"

"సీసాలో బూజు పట్టినట్టుంది, చూసి చెబుతానన్నాను."

"పట్టిందా?"

"లేదు. నువ్వు కాదంటే పట్టిందని చెప్పి, సీసా ఎక్కడైనా దాచేస్తాను."

ఇలాంటి అబద్ధం ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. చదువుకున్న పిల్ల, నిక్కచ్చి మనిషి. అబద్ధం చెబితే మెడ మీద ఎర్రగా కందిపోతుంది. కందిపోయే ఉంది.

"అది విషమా ఏంటి?"

"కాదు. అదే చెప్పాలి నీకు." బల్ల దిగి, నేను సగం మడిచిన దుప్పటి అందుకుంది. "ప్రతి కణంలోనూ మనిషి మొత్తానికి కావలసిన రాత ఉంటుంది. సన్నటి, పొడుగాటి పోగు. దాన్ని హిస్టోన్లనే ప్రోటీన్ల ఉండల చుట్టూ చుట్టి, ఆ చుట్టినదాన్ని మళ్ళీ మడిచి, కణం మధ్యలో చిన్న గింజలో కుక్కి పెడుతుంది ఒళ్ళు. ఆ చుట్ట మొత్తాన్నీ క్రొమాటిన్ అంటాం. కంటిలోనూ అదే పోగు, కాలేయంలోనూ అదే పోగు. మడత వేరు. ఎక్కడ విప్పి ఉంటే అక్కడి రాత చదువుకుని ఆ పని చేస్తుంది. మూసి ఉన్నచోట రాత ఉన్నా లేనట్టే."

"దుప్పటి ఒకటే, కొయ్యాల్సిన చోటు వేరు."

"ఆ. ఈ ఉండలకి చిన్న తోకల్లాంటివి బయటికి ఉంటాయి. వాటి మీద గుర్తులు పెడుతుంది కణం. ఒక గుర్తు ఉంటే ఇక్కడ విప్పమని, ఇంకోటి ఉంటే మూసెయ్యమని. నువ్వు తిప్పే చెవి లాంటిదే. అన్నయ్య రక్తంలో ఆ గుర్తులు పెట్టేది ఒకటి చెడిపోయి, కూర్చోకూడని చోట కూర్చుంది. లేతగా ఉన్నప్పుడు తెరిచి, తర్వాత మూసెయ్యాల్సిన మడత మూసుకోలేదు. పెద్దయ్యే మడత తెరుచుకోలేదు. అందుకే అవి ఎదగవు, పని చెయ్యవు, చావవు. ఊరికే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అయ్యేటప్పుడు పోగుతో పాటు ఆ తప్పు మడత కూడా పిల్ల కణాలకి వెళ్ళిపోతుంది."

"మందు వేస్తే?"

"ఆ తప్పుడుదాన్ని అక్కణ్ణించి లేపేస్తుంది. మడతలు సర్దుకుంటాయి. కణాలకి తామెవరో గుర్తొస్తుంది. తెల్లకణం చెయ్యాల్సిన పని చేసి, తెల్లకణం బతకాల్సినంతే బతికి పోతాయి."

గుర్తొస్తుంది అన్న దగ్గరే నా చెవులు ఆగిపోయాయి. చివరి జ్వరంలో ఆయన నన్ను చూసి, "మీరెవరమ్మా?" అని అడిగాడు. అంత మర్యాదగా నన్నెప్పుడూ పిలిచి ఎరగడు. నేను ఏ పేరు చెప్పినా, ఏ మాట చెప్పినా తల అడ్డంగా ఊపాడు. కానీ పక్క మీద దుప్పటి అంచు చేతికి తగలగానే మూల వెతుక్కుని ఎడమవైపు తిప్పి, బొటనవేలితో నొక్కాడు. మనిషిలో అన్నీ మూసుకుపోయాక కూడా అదొక్కటీ తెరిచే ఉంది.

"గుర్తొస్తే ఏం గుర్తొస్తుంది?" అని అడిగాను.

"వదినా, మనం గుర్తురాము. అన్నయ్య అందులో లేడు."

"లేడు కదా. మరి రోజూ ఆ అలమర ముందు నిలబడి ఎవరితో మాట్లాడతావు నువ్వు? నేను చూడలేదనుకున్నావా?"

ఆమె చేతిలో దుప్పటిని ఉండలా చుట్టేసింది.

"వద్దు," అన్నాను. "ఉండనీ."

"సరే," అంది వెంటనే. ఆ తొందర చూస్తే, నేను ఆ మాట అనాలని కోరుకుంటూనే మెట్లు దిగిందని తెలిసిపోయింది.

ఆ రోజు ఆమె వెళ్ళాక మళ్ళీ దుప్పట్ల ముందు నిలబడ్డాను. క్లిప్పులు పెట్టాను, లాగాను. అవతలి వైపు బిగువుగా ఉంది. వదిలాను, వదిలింది. లాగాను, లాగింది. "ఏంటి మీ గొడవ?" అని పైకే అన్నాను. గది ఆవిరి వాసన వేస్తోంది. చెమ్మ మరక గోడ మీద మనిషి భుజమంత ఎత్తున ఉంది. ఇదివరకు అంత ఎత్తున లేదనిపించింది.

వార్డులకి దుప్పట్లు ఇచ్చే పని ఆయాది. అయినా మర్నాడు నాలుగో వార్డు బండి నేనే తోసుకెళ్ళాను.

బస్సు నడిపే ఆవిడ కిటికీ పక్క మంచం మీద ఉంది. తల మీద జుట్టు లేదు. చేతులు మాత్రం పెద్దవి, స్టీరింగు పట్టుకున్నట్టే ఒళ్ళో పెట్టుకుంది. నేను దుప్పటి మారుస్తుంటే నన్ను ఎగాదిగా చూసింది.

"కొత్తగా వచ్చారా? రోజూ వచ్చే ఆవిడ నన్ను మూటలా అటూ ఇటూ దొర్లిస్తుంది. మీరు పసిపిల్లని లేపినట్టు లేపుతున్నారు. నా పని అయిపోయిందని మీకేమైనా చెప్పారా?"

"ఛ ఛ, అదేం లేదు."

"లేకపోతే ఇంకా మంచిది." నవ్వింది. "నా రక్తంలో ఉన్నవి ఎదగవట. ఎంత వయసొచ్చినా పిల్ల చేష్టలేనట. మా ఆయన కూడా అంతేనండీ, ఆయనకి కూడా ఏదైనా మందు ఉందా అని అడిగాను డాక్టర్ని."

నవ్వొచ్చింది నాకు. ఆవిడా నవ్వి, దగ్గొచ్చి, ఆగింది.

"ఏదో పరీక్ష మీద ఆగిందట నా మందు. ఎవరివో కణాలున్నాయట పైన. వాటికి బూజు పట్టిందట. నా రాత చూశారా? సిగ్నల్ దగ్గర కూడా నాకెప్పుడూ ఎర్ర లైటే." కిటికీ అద్దంలోంచి బయటికి చూసి, "ఎవరో గానీ, పాపం, పోయి కూడా పని చేస్తున్నాడు," అంది.

దుప్పటి అంచు పరుపు కింద దోపుతూ ఉన్న నా చేతులు ఆగిపోయాయి. పోయి కూడా. పని చేస్తే బాగానే ఉండును. ఆ సీసాలో ఆయన ఏ పనీ చెయ్యడం లేదు. జీవితమంతా ఊరికే కూర్చోవడం తెలియని మనిషి. నిదానమే, కానీ చేతిలో పని లేకుండా నేనెప్పుడూ చూడలేదు. నేను చెయ్యి పెట్టి వెచ్చగా ఉందని మురిసిపోయిన ఆ అలమరలో ఉన్నది చివరి జ్వరంలోని మనిషే. ఎవరినీ ఎరగని మనిషి. ఆ జ్వరాన్ని మేమిద్దరం కలిసి ఇన్నాళ్ళూ తిండిపెట్టి నిలబెట్టాం.

బండి అక్కడే వదిలేసి మెట్లెక్కాను. ల్యాబు గుమ్మంలో ఆడపడుచు నన్ను చూడగానే లేచి నిలబడింది.

"బూజు లేదని చెప్పు మీ సారుకి."

"వదినా, బాగా ఆలోచించుకున్నావా?"

"లేదు. ఆలోచిస్తే మళ్ళీ కిందికి పోతాను. చెప్పెయ్. కానీ నేను చూడాలి."

ఆమె వెళ్ళి సారుకి చెప్పి వచ్చింది. మెడ మామూలుగానే ఉంది. గులాబి నీళ్ళలో మందు చుక్కలు పడ్డాయి. రంగు మారలేదు, పొగ రాలేదు. ఏమీ జరగనట్టే ఉంది. మందు పడకముందే ఒకసారి మైక్రోస్కోపులో చూపించింది. పెసరగింజల్లా గుండ్రంగా, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకదాన్నొకటి ఎరగనట్టు తేలుతున్నాయి.

ఆ వారమంతా పని అయ్యాక పైకి వెళ్ళేదాన్ని. మొదట్లో తేడా తెలియలేదు. తర్వాత ఒక సాయంత్రం, కిటికీలోంచి ఇంకా ఎండ పడుతుండగానే, ఆడపడుచు కుర్చీలోంచి లేచి నన్ను కూర్చోబెట్టింది. కణాలు పెసరగింజల్లా లేవు. అంచులు సాగి ఉన్నాయి. రంగు వేసిన గాజుపలక మీద చూపిస్తే రాత దాచిన లోపలి గింజ వంకర తిరిగి, తుంపులు తుంపులుగా ముడి పడినట్టుంది.

"తెల్లకణం అంటే ఇలాగే ఉండాలి," అంది మెల్లిగా. "తెరుచుకుంది వదినా."

మళ్ళీ సీసాని మైక్రోస్కోపు కింద పెట్టింది. అందులో ఒక కణం కదిలింది. తేలడం కాదు, నడిచింది. ముందుకి ఒక పాయ చాచి, వెనక మిగిలిందాన్ని లాక్కుంటూ. క్రిమిని పట్టి తింటుందో లేదో చూడ్డానికి ఆడపడుచు నీళ్ళలో వేసిన ఈస్టు నలుసు దగ్గరికి వెళ్ళి, చుట్టూ తిరిగి, దాన్ని తనలోకి తీసుకుంది. ఎంత సేపు పట్టిందో! నేను కళ్ళు ఆర్పకుండా చూశాను.

"ఎంత నిదానం," అన్నాను.

ఆడపడుచు నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది. నేను కళ్ళు తుడుచుకోలేదు. తుడుచుకుంటే అది కనబడదు.

తర్వాత ఒక్కొక్కటే ఆగిపోయాయి. ముడుచుకుని, ముక్కలై, అడుక్కి చేరాయి. సీసా కడిగి పారేస్తారా అని అడిగితే, మందునీళ్ళు పోసి కాల్చేస్తారని చెప్పింది. అది అయ్యాక ఒకసారి అలమర తలుపు మీద అరచెయ్యి పెట్టాను. లోపల ఆ అరలో ఏమీ లేదు. అయినా అంతే వెచ్చగా ఉంది. చెయ్యి తీసేశాను.

బస్సు నడిపే ఆవిడకి మందు మొదలుపెట్టారు. ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. దుప్పటి మార్చడానికి వెళితే, "పచ్చ లైటు పడిందండీ, బండి ఇంకా కదల్లేదు," అంది.

ఆ మధ్యాహ్నం ఆడపడుచు కిందికి వచ్చింది. చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కోటు జేబుల్లో పెడుతూ తీస్తూ ఉంది. స్టోరు నుంచి కొత్త దుప్పట్ల కట్ట వచ్చి ఉంది. తాడు కూడా విప్పలేదు. నేను తాడు కోసి, పైది తీసి, క్లిప్పులకి పెట్టబోయి ఆగాను.

"రా. ఆ కొస పట్టుకో."

"నాకు రాదు వదినా."

"నాకు మాత్రం పుట్టగానే వచ్చిందా? పట్టుకో."

పట్టుకుంది. లాగాను. అవతలి నుంచి లాగింది. ఈసారి తలెత్తితే మనిషి కనబడింది. ఆమె మడతలు పెద్దవీ చిన్నవీ కలిపి గందరగోళం చేస్తోంది. తిట్టాను. నవ్వింది. మళ్ళీ మొదలుపెట్టాం. కుచ్చిళ్ళు వేసుకుంటూ ఇద్దరం నడిమికి వచ్చాం, రంధ్రం దగ్గర చేతులు తగిలాయి.

"ఇప్పుడు చెవి తిప్పాలి కదా? ఎటు వైపు?"

"కుడివైపు," అన్నాను.

ఆమె దుప్పటి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది.

నా ఎడమ చెయ్యి అప్పటికే మూల అందుకుంది. ఎడమవైపు తిప్పింది. కొస కొంచెం వంచింది. బొటనవేలితో నొక్కింది. నేను కుడి చేతివాటం మనిషిని. కూరలు కోసేది, దువ్వుకునేది, రాసేది అన్నీ కుడి చేత్తోనే. ఆ కదలిక నాది కాదు. ఎదురుగా నిలబడి జీవితమంతా చూసిన కదలిక.

"వదినా, నువ్వు ఎప్పుడూ ఇలాగే తిప్పుతావా?"

"నాకు తెలియదు," అన్నాను. నిజంగానే తెలియదు.

ఆమె చెయ్యి చాచి ఆ చెవిని ముట్టుకోబోయి, ముట్టుకోలేదు.

"ఉంచెయ్యి," అంది.

"థియేటర్లో ఎవరో మనిషి పొట్ట తెరుచుకుని పడుకుని ఉంటాడు. నర్సు కుడి చెయ్యి చాపుతుంది."

చెవి విప్పాను. కుడి చేత్తో మూల పట్టుకుని కుడివైపు తిప్పాను. గుడ్డలో చుట్టి కట్టేశాను. కట్టేముందు చూస్తే, కొత్త బట్ట మీద ఎడమవైపున సన్నటి గీత పడే ఉంది.

"ఇంకోటి తియ్యి," అన్నాను.